దంపతుల ఎడబాటును లెక్కలోకి తీసుకోని పరిశోధనా నియమాలు

సంపాదకులకు నమస్కారాలు.

విదేశాల్లో పరిశోధనావకాశాల గురించి మీ పత్రిక ఇటీవల ప్రచురించిన వ్యాసం శ్రద్ధగా చదివాను. దరఖాస్తు పద్ధతులనూ ఫెలోషిప్‌ల వివరాలనూ ఓపికగా వివరించిన ఆ వ్యాసం, భార్యాభర్తలు వేర్వేరు దేశాల్లో ఉండవలసి వచ్చే సంగతిని మాత్రం కొన్నాళ్లు సర్దుకుపోవాలన్న ఒక్క సలహాతో ముగించింది. నేను జీవశాస్త్ర ప్రయోగశాలలో పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తరువాత చేసే తాత్కాలిక పరిశోధకురాలి ఉద్యోగంలో, పనిచేస్తున్నాను. నా భర్త ఉద్యోగం వేరే దేశంలో. కాబట్టి ఆ సలహా దగ్గర ఆగి కొంత చెప్పవలసి ఉందనిపించింది. ఈ ఎడబాటును ఇద్దరు మనుషుల ఓర్పుకు పరీక్షగా చూడడం అలవాటైపోయింది. నిజానికి ఇందులో ఎక్కువ భాగం నిధులిచ్చే సంస్థల షరతుల వల్లా, స్వల్పకాలిక కాంట్రాక్టుల వల్లా, వీసా చట్టాల వల్లా ఏర్పడినదే. మనుషులు రాసుకున్న నియమాలు గనుక మనుషులే మార్చుకోగలరు.

పీహెచ్‌డీ పూర్తయిన తరువాత దేశం మారడమన్నది పరిశోధకులకు చాలాచోట్ల దాదాపు అర్హతగానే మారింది. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ కావాలంటే, దరఖాస్తు గడువుకు ముందరి 36 నెలల్లో 12 నెలలకు మించి ఆతిథ్య దేశంలో నివసించి గాని, పనిచేసి గాని ఉండకూడదు. జీవశాస్త్ర పరిశోధనకు నిధులిచ్చే ఎంబో (యూరోపియన్ మాలిక్యులర్ బయాలజీ ఆర్గనైజేషన్), హ్యూమన్ ఫ్రంటియర్ సైన్స్ ప్రోగ్రామ్ ఫెలోషిప్‌లకు కూడా దేశం మారడం షరతే. కొత్త ప్రయోగశాలలో కొత్త పద్ధతులు నేర్చుకోవాలన్న ఉద్దేశం మంచిదే, దానితో నాకు పేచీ లేదు. అయితే ఈ షరతు తనకు ఎదురుగా ఒంటరి మనిషి నిలబడి ఉన్నట్టు ఊహించుకుంటుంది. ఒక దేశంలో భర్తకు స్థిరమైన ఉద్యోగం ఉండి, అదే దేశంలో భార్య పరిశోధనకు తగిన మంచి ప్రయోగశాల కూడా ఉన్నప్పుడు, ఆమె ఇప్పటికే ఏడాదికి మించి అక్కడ కాపురం చేసి ఉంటే, కలిసి ఉన్న ఆ కాలమే ఆమెను అనర్హురాలిని చేస్తుంది.

దీనికి తోడు కాంట్రాక్టులు చిన్నవి. ఏడాదికి ఇచ్చి, గ్రాంటు ఉంటే మరో ఏడాదికి పొడిగించే పద్ధతి సర్వసాధారణం. అంత తక్కువ భరోసాను నమ్ముకుని ఎన్నో ఏళ్లు కష్టపడి సంపాదించుకున్న ఉద్యోగాన్ని వదిలి రమ్మని జీవిత భాగస్వామిని అడగడం న్యాయం కాదు. అందుకే చాలామంది దంపతులు అడగరు. ఒకరు వెళతారు, ఒకరు ఉండిపోతారు.

భాగస్వామిని వెంట తీసుకువెళ్లే దారి చట్టంలో ఉన్నా, అది దేశాన్ని బట్టీ వీసాను బట్టీ మారుతుంది. అమెరికాలో జె-1 అనే ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసాపై ఉన్న పరిశోధకుల జీవిత భాగస్వామి, కుటుంబ సభ్యులకిచ్చే జె-2పై వచ్చి పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. అదే పరిశోధకుడు హెచ్-1బి ఉద్యోగ వీసాకు మారితే, దాని కుటుంబ వీసా అయిన హెచ్-4పై ఉన్న భాగస్వామికి ఆ వెసులుబాటు సాధారణంగా ఉండదు. 2015లో తెచ్చిన మార్పు ప్రధానంగా గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటిన వారికే వర్తిస్తుంది. యూరప్‌లో యూరోపియన్ యూనియన్ 2016 నాటి ఆదేశం, పరిశోధకుల కుటుంబ సభ్యులకు ఉద్యోగం చేసుకునే హక్కును చాలావరకు కల్పించింది. ఇది మెచ్చుకోదగినది. కానీ హక్కు ఉండడం వేరు, పని దొరకడం వేరు. వైద్యులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు కొత్త దేశంలో మళ్లీ పరీక్షలు రాసి, భాష నేర్చుకుని, లైసెన్సు సంపాదించేలోపు అవతలివారి కాంట్రాక్టే ముగిసిపోవచ్చు.

ఈ దూరం రోజువారీ జీవితంలో ఎలా ఉంటుందో బయటివారికి తెలియడం కష్టం. కణాలను పెంచేవారికి ఆదివారం ఉండదు. కణాలు పెరిగే పోషక ద్రవాన్ని మార్చవలసిన వేళకు మార్చకపోతే వారాల శ్రమ పోతుంది. ఎలుకలతో పనిచేసేవారి సంగతీ అంతే. అటువైపు మనిషి పని ముగించి మాట్లాడడానికి కూర్చునే సమయానికి ఇటువైపు నమూనాలను వేగంగా తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రం తిరుగుతూ ఉంటుంది. వీడియో కాల్ ఉంది కదా అంటారు. నిజమే, మొహాలు కనిపిస్తాయి, అందుకు కృతజ్ఞత ఉంది. అయితే భార్యాభర్తల మధ్య నడిచే మాటల్లో ముప్పావు వంతు ముందుగా వేళ నిర్ణయించుకుని మాట్లాడేవి కావు. పక్కన మనిషి ఉన్నందువల్ల నోటికొచ్చిన మాటలు అవి. తెర ముందు కూర్చున్నప్పుడు ముఖ్యమైన సంగతులు చెప్పుకుంటాం, చిన్నవి మరుగునపడతాయి. కొన్నాళ్లకు ఒకరి దినచర్య మరొకరికి వార్తగా మాత్రమే తెలుస్తుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అవతలి మనిషికి జ్వరం వచ్చిందని తెలిసినా వెంటనే బయలుదేరలేని స్థితి కూడా ఉంటుంది. విమాన ఖర్చు ఒక్కటే అడ్డం కాదు. అమెరికాలో చట్టబద్ధంగానే ఉంటూ, పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు తీరినవారు ఒకసారి దేశం దాటితే, బయటి అమెరికా కాన్సులేటులో కొత్త వీసా ముద్ర వేయించుకున్న తరువాతే తిరిగి రాగలరు, ఒకటి రెండు పొరుగు దేశాలకు చేసే కొద్దిరోజుల ప్రయాణాలు తప్ప. ఇంటర్వ్యూ తేదీ ఎప్పుడు దొరుకుతుందో, పరిశీలన పేరుతో ఎన్ని వారాలు ఆపుతారో ముందుగా చెప్పగలిగేవారు లేరు. ఫలితంగా ఏడాది కాంట్రాక్టుపై ఉన్న మనిషి, ప్రయోగాన్ని మధ్యలో వదిలి ఆ నిరీక్షణలో చిక్కుకోవడానికి భయపడి ప్రయాణమే మానుకుంటాడు. మనసుంటే మార్గముంటుందని ఇటువంటివారికి చెప్పడం వారిని నొప్పించడమే.

ఇది కొత్త బాధ కాదు. శ్రీనివాస రామానుజన్ 1914 మార్చిలో ఇంగ్లండుకు బయలుదేరి 1919 మార్చిలో తిరిగి వచ్చేదాకా భార్య జానకి వెంట లేరు. వారిద్దరూ రాసుకున్న ఉత్తరాలను ఇంట్లోనే మధ్యలో ఆపివేశారని జీవితచరిత్రకారులు రాశారు. తిరిగి వచ్చిన మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. మన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో భార్య శేషగిరిని వదిలి హార్వర్డుకు వెళ్లారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి మొదలు ఫోలిక్ ఆమ్లం తయారీ దాకా ఎన్నో సాధించి, 1948లో మరణించేవరకూ ఆయన స్వదేశానికి తిరిగి రానేలేదు. ఆయన పరిశోధనల గురించి గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. ఆ పాతికేళ్లు శేషగిరి ఎలా గడిపారన్నది మాత్రం ఎవరూ అడగరు.

కలిసి ఉండాలనుకున్నవారు మరో విధంగా నష్టపోయారు. భర్త జోసెఫ్ మేయర్‌కు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం రావడంతో, భౌతిక శాస్త్రవేత్త మరియా గోపెర్ట్ మేయర్ 1930లో ఆయనతో కలిసి అమెరికా చేరారు. దంపతులిద్దరికీ ఒకే సంస్థలో కొలువు ఇవ్వకూడదన్న ఆనాటి నియమం కారణంగా ఏళ్ల తరబడి సరైన పదవీ, జీతమూ లేకుండానే పరిశోధన చేశారు. పూర్తి జీతంతో కూడిన ప్రొఫెసర్ పదవి ఆమెకు 1960లో గాని దక్కలేదు. 1963లో నోబెల్ బహుమతి వచ్చింది. విడిగా ఉంటే ఒక వెల, కలిసి ఉంటే మరో వెల. ఈ వెల నేటికీ స్త్రీల చేతనే ఎక్కువగా చెల్లింపజేస్తున్నారని, పరిశోధన మానేసి వెళ్లిన స్నేహితురాళ్లను చూసి చెబుతున్నాను. ఎడబాటులో ఉన్న భర్తను త్యాగశీలి అంటారు. అదే ఎడబాటులో ఉన్న భార్యను, అంత అవసరమా అని అడుగుతారు.

ఇప్పుడు నేను కోరుతున్నవి పెద్ద మార్పులేమీ కావు. దేశం మారాలన్న షరతు విధించే సంస్థలు, జీవిత భాగస్వామి ఉద్యోగం కారణంగా ఆతిథ్య దేశంలో గడిపిన కాలాన్ని ఆ లెక్కలోంచి మినహాయించవచ్చు. శరణార్థులుగా గుర్తింపు కోరుతూ గడిపిన కాలం వంటి వాటికి మినహాయింపులు ఇప్పటికే ఉన్నాయి గనుక, ఇది కుదరని పని కాదు. కొన్ని ఫెలోషిప్‌లు ఇస్తున్న కుటుంబ భత్యాన్ని, కుటుంబం వెంట వచ్చినా రాకపోయినా ఇవ్వాలి, ఎందుకంటే రెండు ఇళ్లు నడిపేవారికే ఖర్చు ఎక్కువ. గణాంకాల విశ్లేషణ, వ్యాసరచన వంటి పనులకు ప్రయోగశాలలో ఉండనక్కరలేదు. ఏడాదిలో కొన్ని వారాలు ఆ పనిని భాగస్వామి ఉన్న చోటి నుంచి చేసుకునే వీలును, అధిపతి దయగా కాకుండా కాంట్రాక్టులోనే రాసి ఇవ్వాలి. కాంట్రాక్టు కనీసం మూడేళ్లకు ఉంటే, వెంట వచ్చే మనిషి తన వృత్తిని అక్కడ మొదలుపెట్టాలా వద్దా అన్నది ఆలోచించి తేల్చుకోగలరు.

ఎంపిక కమిటీల్లో కూర్చునే పెద్దలకు మరొక్క మనవి. కుటుంబానికి దగ్గరగా ఉండడం కోసం పేరున్న ప్రయోగశాలను కాదని చిన్నదాన్ని ఎంచుకున్నవారి దరఖాస్తు మీ ముందుకు వచ్చినప్పుడు, దానిని పట్టుదల లేకపోవడంగా భావించకండి. ఆ దరఖాస్తులోని పరిశోధనను చదవండి.

భవదీయురాలు,
ఒక పోస్ట్‌డాక్ పరిశోధకురాలు