గ్రేస్ ఆర్చర్ చనిపోయిన రోజు

బర్మింగ్‌హాం,
24-9-1955.

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు చేసి వ్రాయు విశేషాలు. ఉభయకుశలోపరి. మీ ఉత్తరం సోమవారం చేరింది.

మొన్న గురువారం నేను పనికి వెళ్ళలేదు. జలుబు చేసి కొద్దిగా జ్వరం తగిలింది, అంతే. అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఆ 'అంతే' అన్న మాటను కాస్త గట్టిగా చదవండి. అమ్మ కట్టి ఇచ్చిన శొంఠి ఇంకా ఉన్నది, రెండు పూటలా కషాయం కాచుకొన్నాను, నిన్ననే పనిలోకి కూడా వెళ్ళాను. పని సంగతి మామూలే.

నా గదిలో గ్యాసు మీటరులో షిల్లింగు వేస్తే గాని కుంపటి వెలగదు గనుక, జ్వరంతో అక్కడెందుకని మా ఇంటావిడ నన్ను క్రిందికి పిలిచి వంటింట్లో పొయ్యి పక్కన వాలుకుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి కప్పింది. రేడియో ఉండేది అక్కడే. పాత పెట్టె. మీట తిప్పిన తరువాత వాల్వులు వేడెక్కేదాకా ఉలకదు పలకదు. అద్దం మీద హిల్వర్సమ్, లక్సెంబర్గ్, ఆథ్లోన్ అంటూ ఊళ్ళ పేర్లు మిలమిల మెరుస్తాయి గాని, ముల్లు మాత్రం 1500 మీటర్ల దగ్గర తుప్పు పట్టినట్లు నిలిచిపోయి ఉంటుంది. అది బి.బి.సి. రేడియోవారి మూడు ప్రసారాలలో ఒకటైన లైట్ ప్రోగ్రాం, అంటే కాలక్షేపం. వార్తలకు, ప్రార్థనలకు, బడిపిల్లల పాఠాలకు హోం సర్వీసు ఉన్నది. సాయంకాలం మొదలయ్యే థర్డ్ ప్రోగ్రాం పండితులది, దాని జోలికి ఆవిడ పోదు. ఏడాదికి ఒక పౌను లైసెన్సు కట్టి మూడింట ఒక వంతే వాడుకొంటున్నారేమని అడిగితే, చర్చిలో కూడా తాను ఒకే బల్ల మీద కూర్చుంటానని జవాబు చెప్పింది.

తొమ్మిది దాటగానే గృహిణులు కార్డులు వ్రాసి కోరుకొన్న పాటలు వేశారు. తరువాత పదిన్నరకు 'మ్యూజిక్ వైల్ యు వర్క్' మొదలైనప్పుడు, కుర్చీలో పడుకొని ఉన్నా నా చేతులు కదలబోయాయి, ఎందుకంటే ఫ్యాక్టరీలో మా తల మీది లౌడుస్పీకరులో ప్రతిరోజూ వినిపించేది అదే. పని చురుకుగా సాగాలని 1940లో, యుద్ధం మధ్యలో పెట్టిన కార్యక్రమమది. మధ్యలో మాటలుండవు, వాయిద్యాల వేగం తగ్గదు. చప్పట్లు కొట్టించే పాటనొకదాన్ని ఆ రోజులలో ఇందులో వేయనివ్వలేదట. పనివాళ్ళు చప్పట్లకు బదులు పానాలతో బల్లలను బాదుతారని భయపడ్డారని ఇక్కడ చెప్పుకొంటారు. మావాళ్ళను చూసిన తరువాత ఆ భయం సబబే అనిపిస్తున్నది.

నడుమ ఓడల కోసం వాతావరణ సూచన చదివారు. డాగర్, హంబర్, థేమ్స్, వైట్, పోర్ట్‌లండ్ అని సముద్రపు భాగాల పేర్లను ఒక్కొక్కటిగా, తొందర లేకుండా, ఉగాదినాడు మన పురోహితుడుగారు పంచాంగం చదివినట్లుగా చదువుతారు. నాకు ఓడలతో పనిలేదు. అయినా జ్వరంలో అంత హాయిగా వినిపించినది మరొకటి లేదు.

పావు తక్కువ రెండింటికి పసిపిల్లలకు కథ వస్తుంది. చెప్పే ఆమె ముందుగా, హాయిగా కూర్చున్నారా, అయితే మొదలుపెడతాను అంటుంది. నేను దుప్పటిలో నుంచే 'ఊ' అన్నాను. ఇంటావిడ తిరిగి చూసింది. మా అమ్మమ్మ ఊ కొట్టకపోతే కథ ఆపేసేదని ఆవిడకు చెప్పడానికి ఇంగ్లీషులో 'ఊ కొట్టడా'నికి మాట దొరకలేదు. నాలుగు గంటల తరువాత ఒక డాక్టరుగారి భార్య డైరీ వస్తుంది. అది మరునాడు పొద్దున మళ్ళీ వేస్తారు, ఆవిడ రెండుసార్లూ వింటుంది.

చెల్లాయి విజయవాడ కేంద్రం పెట్టకుండా సినిమా పాటల కోసం రేడియో సిలోను తిప్పుతున్నదని మీ ఉత్తరంలో విసుక్కొన్నారు. ఇక్కడి పిల్లలూ అంతే, రాత్రయితే లక్సెంబర్గ్ తిప్పుతారు. దాన్ని ఏమీ అనకండి.

అసలు వ్రాయవలసినది ఆరూముప్పావు సంగతి. 'ఆర్చర్స్' అని రోజూ పావుగంట ఒక పల్లెటూరి రైతు కుటుంబం కథ వస్తుంది. ఈ బర్మింగ్‌హాంలోనే తయారుచేస్తారు, 1951 జనవరి నుంచి దేశమంతటా వింటున్నారు. యుద్ధం తరువాత పంట పెంచడానికి రైతులకు కొత్త పద్ధతులు చెప్పాలనుకొని, ఉపన్యాసమైతే ఎవరూ వినరని సంసారం కథలో కలిపి చెబుతున్నారు. మీరు వింటే ఎరువుల సంగతి తప్ప తక్కినదంతా దండగ అంటారు. ఆ ఇంటి కొడుకు ఫిల్ మొన్న ఈస్టరుకే గ్రేస్‌ను పెళ్ళాడాడు. గురువారం కథలో గుర్రపుశాల అంటుకొన్నది. ఆ పిల్ల బయటపడి కూడా గుర్రం కోసం మళ్ళీ లోపలికి వెళ్ళింది, పైనుంచి దూలం కూలింది. రేడియోలో మంటల చప్పుడు వినిపిస్తూండగా వంటింట్లో నిజంగానే మాడిన వాసన వచ్చింది. జ్వరంవల్ల భ్రమ అనుకొన్నాను. చూద్దును గదా, ఇంటావిడ ఇస్త్రీపెట్టెను నా తెల్లచొక్కా మీద వదిలేసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి ఉన్నది. చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారం అచ్చుపడింది. కోటు క్రింద కనిపించదు, అమ్మను బెంగపడవద్దనండి.

ఆ పిల్ల చనిపోయింది. ఆవిడ ఏడ్చింది, నాన్నగారూ. భర్త పోయిన మాట నాకు చెప్పిన రోజున కూడా కన్నీరు పెట్టని మనిషి. మరునాడు పత్రికలనిండా అదే వార్త, బి.బి.సి.కి ఫోన్లు ఆగలేదట. సరిగ్గా ఆ రాత్రే లండనులో వ్యాపార ప్రకటనల టెలివిజన్ మొదలైంది గనుక జనం దృష్టి మళ్ళించడానికే ఆమెను చంపారని కొందరు వ్రాస్తున్నారు. నిజమే కావచ్చు. ఆవిడ ముందు మాత్రం ఆ మాట అనలేదు. నిన్న సాయంత్రం ఆరూనలభైకే కుర్చీ జరుపుకొని మళ్ళీ ఆ పెట్టె ముందు కూర్చున్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన గొడ్లచావిడిలో లాంతరును ఇప్పటికీ ఆ చూరుకే తగిలిస్తున్నారా? గడ్డివామి దానికి పది బారలైనా దూరం లేదు. లాంతరు తీసి రాటకు తగిలించమని పాలేరుతో చెప్పండి. ఒకవేళ ఏదైనా జరిగితే, ఎర్రావు లోపల ఉన్నా సరే, మీరు మాత్రం లోపలికి వెళ్ళవద్దు.

ఇట్లు,
మీ కుమారుడు.