సరదా డిటెక్టివ్ కథంటే అంత అలుసా?

సంపాదకుడు గారికి నమస్కారం.

రెండు వారాల కిందటి మీ ఆదివారం అనుబంధంలో సరదా డిటెక్టివ్ కథల పోటీ ఫలితాలు చూశాను. 'కాలక్షేపం కథలు కాబట్టి తర్కం వెతకొద్దు' అని న్యాయనిర్ణేతలు రాసిన ముక్క మాత్రం మింగుడు పడలేదు. తర్కం తీసేస్తే ఈ కథల్లో మిగిలేదేమిటి? రక్తపాతం ఉండదు, కార్ల ఛేజింగులు ఉండవు. పాఠకుడికీ రచయితకీ మధ్య నడిచే పందెమే కథంతా.

మొదటి బహుమతి కథలో దొంగ ఆఖరి పేరాలో ఊడిపడ్డాడు. నేరస్థుణ్ణి మొదట్లోనే చూపించాలనీ, డిటెక్టివ్‌కి దొరికిన ప్రతి ఆధారం పాఠకుడికీ చెప్పాలనీ ఇంగ్లిష్ డిటెక్టివ్ కథల రచయిత రొనాల్డ్ నాక్స్ 1929లోనే సూత్రాలు రాసిపెట్టాడు. ముందు సూచన లేకుండా కవలల్ని దింపకూడదన్నదీ వాటిలో ఒకటి. మూడో బహుమతి కథ ముగిసిందే కవలలతో! రెండో కథలో సైనైడ్ కాఫీ తాగిన మనిషి విజయవాడ నుంచి ఏలూరు దాకా బస్సులో కబుర్లు చెబుతూ వెళ్తాడు. నిమిషాల్లో ప్రాణం తీసే విషమది. పైగా 2024 డిసెంబరులో జరిగిన ఆ హత్యకి ఎస్సై ఐపీసీ 302 కింద కేసు కడతాడు. ఆ ఏడాది జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 103 వచ్చిందని పత్రికవాళ్ళే చూసుకోకపోతే ఎలా?

అసలు వీటికి హత్యే అక్కర్లేదు. పెళ్ళింట్లో కాసులపేరు పోతే చాలు. చిన్న కథలో అనుమానితులు నలుగురు దాటితే పేర్లే గుర్తుండవు. ముందు ముగింపు ఖాయం చేసుకుని వెనక్కి అల్లుకు రావాలి. ఆధారాన్ని దాచేయకూడదు, పది వస్తువుల్లో కలిపేయాలి. 'హాల్లో తమలపాకులు, గంధం గిన్నె, అప్పుడే కలిపిన పారాణి, కుంకుమ భరిణె' అని రాస్తే పారాణి మధ్యలో కలిసిపోతుంది. వెంటనే వియ్యపురాలు కాఫీ చల్లారిందని గొడవకి దిగితే పాఠకుడి దృష్టి అటు పోతుంది. ఈ కథల్లో హాస్యం చేసే పని అదే. ఆ తర్వాతెక్కడో, పొద్దుటి నుంచి మేడ దిగలేదన్న పిన్నిగారి పాదం అంచున ఎర్రగా కనిపించాలి. తీరా దొరికాక పాఠకుడు పేజీలు వెనక్కి తిప్పి 'అరె, ఇక్కడే ఉందే' అనుకోవాలి.

కొమ్మూరి సాంబశివరావు గారి నవలల్లోని డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు కోసం జనం అద్దె పుస్తకాల షాపుల చుట్టూ తిరిగిన భాష మనది. ఇప్పుడు గ్రంథాలయంలో డిటెక్టివ్ నవలలడిగితే పోటీ పరీక్షల గైడ్లు చూపిస్తున్నారు. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలు చేసుకుంటున్న మున్సిపాలిటీలు, ఆ డబ్బు గ్రంథాలయ సంస్థలకి కట్టకుండా ఏళ్ళ తరబడి బకాయిలు పెడుతుంటే కొత్త పుస్తకాలెక్కణ్ణించి వస్తాయి? దీని మీద పత్రికలైనా నిలదీయాలి కదా.

ఈసారి పోటీ పెడితే ఒక్క పని చేయండి. గుట్టు విప్పే పేరాలు తీసేసి మిగతా కథ ముగ్గురు జడ్జీలకివ్వండి. ఒక్కరైనా ఆధారంతో సహా దొంగ పేరు చెప్పగలిగితే కథ ఉంచండి. ఎవరికీ అందకపోయినా, ముగ్గురూ మొదటి పేజీలోనే పట్టేసినా తిప్పి పంపండి.

— ఒక పాఠకుడు, తెనాలి