ఉన్నిని కంపచెట్లలో పారేయాల్సిందేనా?

సంపాదకులకు నమస్కారం.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పోయిన నెల ఊరికి పోయినప్పుడు చెరువుకట్ట కింద కంపచెట్లలో నల్ల ఉన్ని కుప్పలు కనిపించాయి. గొర్రెలకు కత్తిరించి వారమైందట. ఎందుకు పారేశారని మంద పెద్దాయనను అడిగాను. "ఏం చేసేది నాయనా, కొనేవాళ్లు లేరు. కత్తిరించినోళ్లకు కూలి మేమే ఇచ్చుకున్నాం" అన్నాడు. అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు.

మా తాత కంబళ్లు నేసేవాడు. అవ్వ ఉన్ని శుభ్రం చేసి, చిక్కు విడిపోయేలా ఏకి, రాట్నం మీద వడికేది. కంబళి పనిలో సగానికి పైగా ఆడవాళ్లదే, కానీ నేతగాడని పేరు మాత్రం మగవాళ్లకే దక్కింది. పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, సాగదీసిన రోజు వీధంతా మాదే. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడికించిన గంజిని నూలుకు పట్టించేవాళ్లు. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. ఆ గంజి లేకపోతే ముతక ఉన్ని నూలు మగ్గం మీద తెగిపోతుంది. తర్వాత తాత గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చునేవాడు. రంగు వేసే పని ఉండదు, గొర్రె నలుపే కంబళి నలుపు. మడిచి నెత్తిన కప్పుకుంటే వానకు గొడుగు, రాత్రి చేలో మంద కట్టినప్పుడు పరుపు. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను చుట్టేదీ అందులోనే. మా కురుబల్లో బీరప్ప పూజకు కంబళి పరవాల్సిందే. ఇప్పుడు దానికి కూడా మా ఊరివాళ్లు కర్ణాటకలోని చెళ్లకెర పోయి కొనుక్కొస్తున్నారు.

నేత పోయిందంటే నేసేవాళ్లకు ఓపిక లేక కాదు. మాంసానికి ధర పెరిగింది. బరువు తూగే నెల్లూరు జాతి పొట్టేళ్లు మందల్లోకి వచ్చాయి. ఆ జాతికి ఒంటి మీద వెంట్రుకలే కానీ ఉన్ని రాదు. ఉన్ని ఇచ్చే నల్ల దక్కని గొర్రెలు తగ్గిపోయాయి. మరోవైపు పానిపట్టులో పాత బట్టల పీచుతో మిల్లులో చేసిన దుప్పట్లు చవకగా సంతలకు వచ్చి పడ్డాయి. కాపరిని తప్పుపట్టలేం, ఆయన కడుపు నిండాలి కదా.

2019 పశుగణన ప్రకారం మన రాష్ట్రంలో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలో తెలంగాణ తర్వాత మనమే. ఇన్ని జీవాలున్న రాష్ట్రంలో ఉన్ని అమ్ముకునే చోటు మా ప్రాంతంలో నాకు కనిపించలేదు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద చేమగ్గానికే కేటాయించిన వస్తువుల జాబితాలో కంబళి కూడా ఉంది. జాబితాలో పేరుంటే చాలదు, నేయడానికి నూలు కావాలి.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. కళ్యాణదుర్గంలోనో రాయదుర్గంలోనో ఉన్ని కొనే కేంద్రం ఒకటి పెట్టండి, అక్కడే ఏకే మిషన్ ఒకటి ఉంచండి. చేత్తో ఏకడానికే రోజులు పడుతుంది, ఆ చాకిరీ తగ్గితే వడికే ఆడవాళ్లు మళ్లీ ముందుకొస్తారు. ప్రభుత్వ హాస్టళ్లకు కొనే దుప్పట్లలో కొన్నయినా ఇక్కడి కంబళ్లు ఉండాలి. ముతకగా ఉంటాయని పిల్లలు ఒప్పుకోరంటారేమో, చలికాలం ఒక రాత్రి కప్పుకుని చూడమనండి. పశువైద్యశాలల్లో దక్కని పొట్టేళ్లను కూడా కాపరులకు అందుబాటులో ఉంచాలి. ఉన్నికి ధర వస్తే ఆ జాతిని కాపరే నిలబెట్టుకుంటాడు.

మా చుట్టుపక్కల పల్లెల్లో నేయడం వచ్చినవాళ్లు ముగ్గురే మిగిలారు. వాళ్లలో అందరికన్నా చిన్నవాడికే అరవై దాటాయి. చేనేత శాఖ నుంచో పశుసంవర్ధక శాఖ నుంచో అధికారులెవరైనా వస్తే ఆ ముగ్గురి ఇళ్లకూ నేనే తీసుకుపోతాను. కంపచెట్లలో ఉన్ని కుప్పలు ఇంకా అక్కడే ఉన్నాయి, వానలు పడేలోపు వస్తే అవీ చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా