ఖాళీ తూటాను చేత్తో పట్టుకుని ఫొటోలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

కాల్పుల వార్త వచ్చినప్పుడల్లా మన పేపర్లలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది, 'ఘటనా స్థలంలో దొరికిన ఖాళీ తూటాలపై వేలిముద్రలు సేకరించారు' అని. పక్కన ఫొటోలో ఎవరో ఒకరు ఆ తూటాను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూపిస్తుంటారు. చేతికి గ్లౌజు ఉండదు. ఇంక ఎవరి ముద్ర దొరుకుతుందండీ?

నాది తిరుపతిలో ఇత్తడి సామాన్ల అంగడి. పోలీసు పని నాకు తెలియదు గానీ ఇత్తడి తెలుసు. తూటా పేలాక మిగిలే ఖాళీ గొట్టం కూడా ఎక్కువగా ఇత్తడే, సుమారు ఏడు పాళ్ళు రాగి, మూడు పాళ్ళు జింకు. ఎండాకాలంలో ఎవరైనా చెమట చేతులతో దీపపు కుందిని అటూ ఇటూ తిప్పి చూసి, బేరం కుదరక పెట్టేసి పోతే, కొన్నాళ్ళకు సరిగ్గా అక్కడే నల్లగా వేళ్ళ గుర్తులు తేలతాయి. గుడ్డతో తుడిస్తే పోవు, చింతపండు పెట్టి తోమాల్సిందే. చెమటలోని ఉప్పు లోహాన్ని తినేసి ఉంటుంది మరి.

ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైర్ పోలీసుల దగ్గర పనిచేసిన జాన్ బాండ్ అనే శాస్త్రవేత్త 2008లో వాడుకున్నది ఈ సంగతినే. తుపాకి పేలిన వేడికి చెమటలో నీళ్ళూ జిడ్డూ ఎగిరిపోతాయి, గొట్టం తుపాకి లోపలి గోడకు ఒరుసుకుంటుంది, మసి పడుతుంది. అందుకే మామూలు పౌడరు చల్లితే చాలాసార్లు ఏమీ రాదు. ఆయన గొట్టానికి 2,500 వోల్టుల దాకా పెట్టి, కార్బన్ పొడి పట్టించిన సన్నని పింగాణీ పూసల్ని దానిమీద దొర్లిస్తే, ఉప్పు తిన్న చోటే పొడి అంటుకుంది. తూటాను కడిగేసినా ముద్ర రావచ్చట! అలాగని ప్రతిసారీ వస్తుందని కాదు. 9 ఎంఎం పిస్టల్ తూటా గొట్టం పొడవు 19 మిల్లీమీటర్లే, అదీ గుండ్రంగా ఉంటుంది, కాబట్టి దొరికినా అరకొర ముద్రే.

ఇంకొకటి. ఆ ముద్ర కాల్చినవాడిదే అని రాసేస్తున్నారు. మ్యాగజైన్‌లోకి, అంటే తుపాకిలో తూటాలు పేర్చే డబ్బాలోకి, తూటాను బొటనవేలితో నొక్కినవాడిది అది, వాడే కాల్చాడో లేదో వేరే సాక్ష్యం తేల్చాలి. ఏ తుపాకిలోంచి వచ్చిందో చెప్పేది గొట్టం అడుగున తుపాకి పిన్ను కొట్టిన గుంట, దానికీ వేలిముద్రకీ సంబంధం లేదు. (మన చిత్తూరు అడవుల వైపు పట్టుబడే నాటు తుపాకులకైతే ఈ గొడవే లేదు, మందూ రవ్వలూ మూతిలోంచి దట్టిస్తారు కాబట్టి కిందపడే గొట్టమే ఉండదు.)

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) ప్రకారం ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ళ గడువు ఇచ్చారు, అది వేరే కథ. వాళ్ళు వచ్చేలోపు ఫొటో కోసం నలుగురు పట్టుకుంటే కొత్త చెమట పాతదానిమీద పడి రెండూ కలిసిపోతాయి. మీ ఫొటోగ్రాఫర్లకు చెప్పండి, నేలమీద ఉన్నదాన్ని ఉన్నచోటే తీయమని. చేత్తో పట్టుకున్న ఫొటో ఎవరు పంపినా వేయకండి.

ఇట్లు,
ఒక ఇత్తడి సామాన్ల వ్యాపారి,
తిరుపతి