చక్రాల కుర్చీకి మైదానంలోకి దారేది?

సంపాదకులు గారికి నమస్కారం.

దేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణం అనగానే 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా గెలిచిన పతకాన్నే అందరం తలుచుకుంటాం. ఒలింపిక్స్ వరకు అది నిజమే గానీ, అంతకు 36 ఏళ్ల ముందే, 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగిన దివ్యాంగుల క్రీడోత్సవం పారాలింపిక్స్‌లో మురళీకాంత్ పేట్కర్ 50 మీటర్ల ఈతను 37.33 సెకన్లలో ముగించి, ప్రపంచ రికార్డుతో స్వర్ణం సాధించారు. పుట్టింది మహారాష్ట్రలోనే అయినా ఆయన మనకు పరాయివారు కారు. సికింద్రాబాద్‌లోని ఈఎంఈలో (సైన్యంలోని ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల విభాగం) జవానుగా ఉంటూ బాక్సింగ్ చేసినవారు. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింది భాగం చచ్చుబడిన తర్వాతే ఈత వైపు మళ్లారు. పద్మశ్రీ 2018లో వచ్చింది. అర్జున పురస్కారం అందేసరికి ఆయనకు ఎనభై ఏళ్లు నిండాయి. ఇంత ఆలస్యం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

2002లో సరిహద్దులో మందుపాతర పేలి ఎడమ కాలు కోల్పోయిన నాగాలాండ్ సైనికుడు హొకాటో సెమా, పుణెలోని సైనిక శిక్షణ కేంద్రంలో 2016లో షాట్‌పుట్ మొదలుపెట్టి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 14.65 మీటర్లు విసిరి కాంస్యం గెలిచారు. కూర్చుని విసిరే ఆ పోటీలో గుండు బరువు నాలుగు కిలోలు. ఆసనం కదలకుండా పట్టీలతో నేలకు బిగించాలి. అంతకుమించి పెద్ద ఖర్చేమీ లేదు.

నేను హనుమకొండలో ఉంటున్న మాజీ సైనికుణ్ణి. కాళ్లు పనిచేయని నా తోటి జవానును మొన్నటి చలికాలంలో ఇక్కడి ఒక మైదానానికి తీసుకెళ్లాను. ద్వారం దగ్గర నాలుగు మెట్లున్నాయి, ర్యాంపు లేదు. పరుగుకు వచ్చిన ఇద్దరు పిల్లలు కుర్చీని ఎత్తి లోపల దించారు; ఆ కాసేపూ ఆయన తల ఎత్తలేదు. పట్టీలు బిగించడానికి నేలలో ఒక్క కొక్కెం లేదు, మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పట్టలేదు. గంటలోపే వెనుదిరిగాం. అక్కడి సిబ్బందిని అడిగితే, ‘మీలాంటివాళ్లు ఎవరూ రారు కద సార్’ అన్నారు. దారే లేనిచోటికి ఎట్ల వస్తారు?

దివ్యాంగులకు అనువుగా క్రీడా వసతులను తీర్చిదిద్దాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం స్పష్టంగా చెబుతోంది. పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి పారిస్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచినప్పుడు ఓరుగల్లు అంతా పండుగ చేసుకుంది. అదే నేల మీద కుర్చీలో కూర్చుని సాధన చేయాలనుకునేవారికి కనీసం ఒక్క మైదానమైనా ఉండాలి. ర్యాంపు, వెడల్పు తలుపున్న మరుగుదొడ్డి, విసిరే ఆసనం ఏర్పాటు చేసి, గాయపడిన మాజీ సైనికులకు సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా కబురు పంపాలని క్రీడా శాఖను కోరుతున్నాను. అధికారులు ఎప్పుడు రమ్మన్నా నా మిత్రుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, కుర్చీ ఎక్కడెక్కడ ఆగిపోతోందో చూపిస్తాను.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు, హనుమకొండ