బ్రాండ్ మార్చే ముందు పాడైన ఫోటోలు లెక్కపెట్టాను

సంపాదకులకు నమస్కారం.

కిందటి వారం మీ పాఠకుల ప్రశ్నల శీర్షికలో ఒకాయన అడిగారు. ఏళ్ల తరబడి ఒకే కంపెనీ కెమెరాతో సరదాకి ఫోటోలు తీస్తున్నానని, ఇప్పుడు వేరే బ్రాండ్‌కి మారితే మంచిదేనా అని. మీరిచ్చిన జవాబులో కొత్త మోడళ్ల పేర్లు, మెగాపిక్సెళ్లు, సెకనుకు ఎన్ని ఫోటోలు తీస్తాయన్న అంకెలు ఉన్నాయి. కానీ ఆయన దగ్గర ఇప్పటికే ఏ లెన్సులు ఉన్నాయి, ఆయన ఫోటోలు ఎక్కడ దెబ్బతింటున్నాయి అన్న మాటే రాలేదు. ఇదే ప్రశ్నతో ఆరు నెలలు సతమతమైనదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను లెక్కల టీచర్ని. తొమ్మిదేళ్లుగా ఒకే డీఎస్‌ఎల్‌ఆర్‌తో, అంటే లోపల అద్దం ఉండే పాతరకం కెమెరాతో, పక్షుల ఫోటోలు తీస్తున్నాను, ముఖ్యంగా లకుముకి పిట్టలవి. ఏ బ్రాండ్ నుంచి ఏ బ్రాండ్‌కి మారాలనుకున్నానో మాత్రం రాయను. రాస్తే చదివేవాళ్లు అసలు సంగతి వదిలేసి ఆ రెండు పేర్ల మీద వాదించుకుంటారు.

మా బడిలో సైన్స్ టీచర్ కొత్త మిర్రర్‌లెస్ కెమెరా, అంటే లోపల అద్దం లేనిది, కొన్నారు. ఇద్దరం ఒకే చెరువు గట్టున కూర్చుని ఒకే పిట్టని తీశాం. ఆయన ఫోటోలో పిట్ట కన్ను, ఆ కంట్లో వెలుగు చుక్క కూడా తెలుస్తున్నాయి. నా ఫోటోలో కన్ను ఉండాల్సిన చోట నల్లటి మచ్చ. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఉన్నవన్నీ అమ్మేసి ఆయన బ్రాండ్‌కి మారిపోదామని, లెన్సులు వచ్చిన ఖాళీ అట్టపెట్టెలు కూడా వెతికి తీశాను.

అమ్మేముందు ఒక పని చేశాను. ఏడాదిలో తీసి, బాగా రాలేదని పక్కన పడేసిన లకుముకి ఫోటోలన్నీ కంప్యూటర్‌లో తెరిచాను. మొత్తం 186. ఒక్కోదాన్ని పూర్తి సైజుకి పెంచి చూస్తూ మూడు కుప్పలు పోశాను. కొమ్మ స్పష్టంగా ఉండి, రెక్క కొస మాత్రం గీతలా సాగిపోతే షట్టర్ తెరుచుకుని మూసుకునే వేగం, అంటే షట్టర్ స్పీడ్, చాలలేదన్నమాట. కొమ్మ, ఆకు, పిట్ట అన్నీ ఒకే వైపుకి జరిగినట్టు, అంచులు రెండేసిగా కనిపిస్తే అది చెయ్యి కదలడం. పిట్ట మసగ్గా ఉండి, దాని వెనకాల గడ్డి మాత్రం పోచపోచా తెలుస్తుంటే ఫోకస్ తప్పినట్టు. చూడ్డం అలవాటయ్యాక ఒక్కో ఫోటోకి పది సెకన్లు కూడా పట్టదు.

మొదటి కుప్పలో 81, రెండో దాంట్లో 34, మూడో దాంట్లో 71 తేలాయి.

ఆ 81 ఫోటోల వివరాలు తెరిచి చూస్తే షట్టర్ స్పీడ్ ఎక్కువగా సెకనులో 500వ వంతు, కొన్నింటికి 320వ వంతు. నీళ్లలోకి దూకే పిట్టకి కనీసం 2000వ వంతు కావాలి. ఫోటో మీద ఇసక చల్లినట్టు నాయిస్ వస్తుందన్న భయంతో ఐఎస్‌ఓని, అంటే కెమెరా వెలుతురుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకెని, 400 దాటనిచ్చేదాన్ని కాదు. 500వ వంతు నుంచి 2000వ వంతుకి వెళ్తే లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది, దాన్ని పూడ్చాలంటే ఐఎస్‌ఓ 1600 పెట్టాలి. నా కెమెరాకి 1600 పెద్ద బరువేమీ కాదు. తొమ్మిదేళ్లుగా నేనే దాన్ని అక్కడికి వెళ్లనివ్వలేదు. ఇక చెయ్యి కదిలిన 34 ఫోటోల సంగతికొస్తే, వణుకుని సర్దే స్విచ్ నా లెన్సు మీదే ఉంది. సంచిలోంచి తీసి పెట్టేటప్పుడు రాసుకుని చాలాసార్లు ఆఫ్‌లోకి జరిగిపోయి ఉంటుంది, నేను చూసుకోలేదు. అంటే 186లో 115 ఫోటోలకి కెమెరా మార్చాల్సిన పనే లేదు.

మిగిలిన 71 మాత్రం కెమెరా పరిమితే. వాటిలో చాలావరకు పిట్ట ఫ్రేములో ఓ అంచున ఉన్నవి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ చూసే సెన్సార్ వేరుగా, అద్దం కింద ఉంటుంది. దాని పాయింట్లు ఫ్రేము మధ్యలోనే గుమిగూడతాయి. మిర్రర్‌లెస్‌లో ఫోటో తీసే సెన్సారే ఫోకస్ కూడా చూసుకుంటుంది కాబట్టి దాదాపు అంచుల దాకా అందుతుంది. ఇప్పటి మోడళ్లు చాలావరకు పక్షి కన్నుని గుర్తుపట్టి దాని వెంటే వెళ్తాయి కూడా.

ఇక్కడే నా పొరపాటు తెలిసొచ్చింది. బ్రాండ్లని పోలుస్తున్నాననుకుంటూ, నా కంపెనీ పాతరకం కెమెరాని ఆయన కంపెనీ కొత్తరకం కెమెరా పక్కన పెట్టి చూశాను. అంచుల దాకా ఫోకస్, కన్నుని పట్టుకోవడం మా కంపెనీ మిర్రర్‌లెస్ కెమెరాల్లోనూ ఉన్నాయి. ఇది తట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ ప్రశ్న అడిగిన పాఠకుడిదీ ఇదే పరిస్థితి అయివుండొచ్చని నా అనుమానం.

సైన్స్ టీచర్ తన కెమెరాని రెండు రోజులు నా చేతికిచ్చారు. మొదటి రోజు పొద్దున, ఎండ ఇంకా నీళ్ల మీద పడకముందే, పిట్ట వచ్చి ఎండుకొమ్మ మీద వాలింది. తోక రెండుసార్లు ఎగరేసి, తల కిందికి వంచింది. దూకబోతోందని నాకు తెలుసు. దగ్గరికి లాగుదామని ఎడమ చేత్తో జూమ్ రింగు తిప్పాను, తొమ్మిదేళ్లుగా తిప్పే వైపుకే. ఆ లెన్సుకి అది వెనక్కి పోయే వైపు. పిట్ట ఆవగింజంత అయిపోయింది. ఇటు తిప్పేసరికి కొమ్మ ఊగుతోంది, పిట్ట లేదు. నికాన్, కెనాన్ జూమ్‌లు తిరిగే దిశలు ఒకదానికొకటి వ్యతిరేకం, లెన్సుని బాడీకి బిగించే దిశ కూడా అంతే. ఇలాంటివి ఏ స్పెసిఫికేషన్ల పట్టికలోనూ కనపడవు. రెండో రోజు సాయంత్రానికి వేళ్లు కాస్త దారికొచ్చాయి. నెలరోజుల్లో పూర్తిగా అలవాటవుతుందేమో కూడా. కానీ అలవాటయ్యేదాకా పోయే ఫోటోలు పోయినట్టే కదా.

మీ జవాబులో రాకుండా పోయిన ముఖ్యమైన మాట మౌంట్, అంటే లెన్సు కెమెరా బాడీకి బిగుసుకునే చోటు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959లో వచ్చింది. 2018లో ఆ కంపెనీ మిర్రర్‌లెస్ కోసం జెడ్ మౌంట్ తెచ్చింది. కెనాన్ 1987లో పాత ఎఫ్‌డీ మౌంట్ వదిలేసి ఈఎఫ్ తెచ్చింది, 2018లోనే మిర్రర్‌లెస్ కోసం ఆర్ఎఫ్ తెచ్చింది. అంటే ఈ రెండు కంపెనీల డీఎస్‌ఎల్‌ఆర్ వాడేవాళ్లు మిర్రర్‌లెస్‌కి వెళ్తే, అదే కంపెనీలో ఉండిపోయినా మౌంట్ మారక తప్పదు. తేడా అంతా పాత లెన్సు కొత్త బాడీ మీద బతుకుతుందా లేదా అన్నదే. మౌంట్ నుంచి సెన్సార్ దాకా దూరం ఎఫ్‌లో 46.5 మిల్లీమీటర్లు, జెడ్‌లో 16. మిగిలిన 30.5 మిల్లీమీటర్లని అడాప్టర్, అంటే పాత లెన్సుకీ కొత్త బాడీకీ మధ్య బిగించే రింగు, నింపుతుంది, మధ్యలో గాజు కటకాలేమీ అక్కర్లేదు. ఈఎఫ్‌లో 44, ఆర్ఎఫ్‌లో 20, అక్కడ అడాప్టర్ మందం 24. క్లాసులో తీసివేతలు చెప్పేటప్పుడు పిల్లలకి ఈ లెక్కే ఇచ్చాను.

అయితే అన్ని లెన్సులూ ఒకేలా బతకవు. పాత నికాన్ లెన్సుల్లో కొన్నింటికి సొంత మోటారు ఉండదు, బాడీలో ఉన్న మోటారే ఒక చిన్న మరతో వాటిని తిప్పుతుంది. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఆ మోటారు లేదు కాబట్టి వాటికి ఆటోఫోకస్ పోతుంది, చేత్తో తిప్పుకోవాల్సిందే. అందుకే ఎవరైనా మారేముందు తమ దగ్గరున్న లెన్సుల పేర్లు కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని ఎదురుగా ఆటోఫోకస్ ఉంటుందా పోతుందా అని రాసుకోవాలి. బ్రాండే మార్చేస్తే ఫ్లాష్‌కీ ఇదే బెడద. వెలుతురుని తనంతట తాను సర్దుకునే పద్ధతి కంపెనీ కంపెనీకీ వేరు. పాత రా (RAW) ఫైళ్లు, అంటే సెన్సార్ పట్టినది పట్టినట్టు దాచే ఫోటో ఫైళ్లు, తెరుచుకోవేమోనన్న భయం మాత్రం పెట్టుకోనక్కర్లేదు, అవి ఎప్పట్లాగే తెరుచుకుంటాయి.

మారడం తప్పని నేననడం లేదు. కెమెరాతో పాటే వచ్చిన కిట్ లెన్సు ఒక్కటే ఉన్నవాళ్లకి మారితే పోయేదేమీ లేదు. మణికట్టు నొప్పితో బాధపడే నా స్నేహితురాలు ఒకామె మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న సెన్సార్ కెమెరాకి మారింది. ఆ సెన్సార్ వైశాల్యం ఫుల్ ఫ్రేమ్‌లో, అంటే పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము సైజు సెన్సార్‌లో, దాదాపు నాలుగో వంతు, అందుకే దూరం లెన్సులు చాలా చిన్నవి. మానేద్దామనుకున్న ఆమె మళ్లీ పొద్దున్నే పక్షుల కోసం వెళ్తోంది. అలాంటప్పుడు ఇంకో ఆలోచన లేకుండా మారాలి. ఒకే కంపెనీని నమ్ముకుంటే జీవితాంతం ఢోకా లేదన్నదీ నిజం కాదు. కోనికా మినోల్టా 2006లో కెమెరాల వ్యాపారమే మానేసి సోనీకి అప్పగించింది.

నేను మాత్రం బ్రాండ్ మారడం లేదు. షట్టర్ 2000వ వంతు, ఐఎస్‌ఓ ఆటోలో పెట్టి, లెన్సు స్విచ్ మీద చిన్న టేపు ముక్క అంటించి మూడు నెలలు తీశాను. మొదటి కుప్పలోకి ఇప్పుడు అరుదుగా ఒకటి పడుతోంది. మూడో కుప్ప అలాగే ఉంది. దానికోసం మా కంపెనీ మిర్రర్‌లెస్ బాడీ, అడాప్టర్ తీసుకుంటాను. నా మూడు లెన్సులకీ ఆటోఫోకస్ ఉంటుందని ముందే చూసుకున్నాను.

మీకు ఒక మనవి. ఇలాంటి ప్రశ్న మళ్లీ వస్తే, జవాబిచ్చే ముందు ఆ పాఠకుణ్ణి పాడైన ఫోటోలు ఓ నాలుగు పంపమని అడగండి. నా మూడు కుప్పల్లోంచి ఒక్కో ఫోటో ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. చోటుంటే మూడూ పక్కపక్కనే వేయండి. రెక్క కొస, కొమ్మ అంచు, వెనకాల గడ్డి స్పష్టంగా కనపడేంత పెద్దగా వేస్తే చాలు.

ఇట్లు,
లెక్కల టీచర్‌గా పనిచేస్తున్న మీ పాఠకురాలు