మేమేమి చేయవలెను?

సంపాదకులకు నమస్కారం.

యుద్ధాలు, భూకంపాలు, కొత్త కొత్త జబ్బులు అన్నీ వరసపెట్టి రాసి, ఇవన్నీ యేసు ప్రభువు రెండో రాకడకు గుర్తులు, కాబట్టి వెంటనే మారుమనస్సు పొందండి అంటూ ఒక పాఠకుడు రాసిన ఉత్తరం మీ భక్తి పేజీలో చదివాను. నేను క్రైస్తవురాలిని. ఆస్పత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ ఉత్తరంలోని చివరి మాటతో నాకు పేచీ లేదు. మారుమనస్సు పొందాల్సిందే, అదీ ఇప్పుడే. కానీ ఉత్తరమంతా రెండుసార్లు చదివినా ఏం చెయ్యాలో ఒక్క ముక్క దొరకలేదు. భయపడమని ఉంది, ప్రార్థన చెయ్యమని ఉంది. అక్కడితో అయిపోయింది.

యుద్ధాల గురించి మత్తయి 24వ అధ్యాయంలో యేసు ప్రభువే చెప్పాడు కదా అంటారు. చెప్పాడు. కలవరపడొద్దని, అంతం వెంటనే రాదని కూడా అదే వాక్యంలో చెప్పాడు. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియదని అదే అధ్యాయంలో ఇంకాస్త కిందన ఉంది. అయినా లెక్కలు కట్టినవాళ్లు ఉన్నారు. అమెరికాలో విలియం మిల్లర్ అనే బాప్టిస్టు బోధకుడు బైబిల్లోని దానియేలు గ్రంథం దగ్గర పెట్టుకుని 1843, 1844 మధ్య ప్రభువు వచ్చేస్తాడన్నాడు. ఆ గడువు దాటిపోతే ఆయన వెంట ఉన్నవాళ్లు 1844 అక్టోబరు 22 అని కొత్త తేదీ పెట్టుకున్నారు. వేలమంది ఎదురుచూశారు. మర్నాడు మామూలుగానే తెల్లవారింది. వాళ్ల భక్తిని నేను ఎగతాళి చెయ్యడం లేదు. తేదీ మీద నిలబెట్టిన మారుమనస్సు ఆ తేదీ దాటాక ఎలా నిలబడుతుందన్నదే నా అనుమానం.

లూకా 13లో కొందరు అప్పటి తాజా వార్త ఒకటి ప్రభువు దగ్గరికి మోసుకొచ్చారు. రోమా గవర్నరు పిలాతు కొందరు గలిలయులను చంపించి వాళ్ల రక్తాన్ని వాళ్ల బలులతోనే కలిపాడని. ఆయన పిలాతు మీద వ్యాఖ్యానం చెయ్యలేదు, చనిపోయినవాళ్ల పాపాలూ తవ్వలేదు. పైగా తనే ఇంకో వార్త ఎత్తాడు. సిలోయములో గోపురం కూలి చనిపోయిన ఆ 18 మంది యెరూషలేములో అందరికంటే అపరాధులనుకుంటున్నారా అని అడిగాడు. కాదు, మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారన్నాడు. వార్త తెచ్చినవాళ్లు వేరేవాళ్ల పాపం గురించి వినాలని వచ్చి, తమ పాపం గురించి విని వెళ్లారు. ఆ వెంటనే మూడేళ్లుగా కాయని అంజూరపు చెట్టు కథ చెప్పాడు. యజమాని నరికెయ్యమంటాడు. తోటమాలి ఈ ఒక్క ఏడాది ఉండనివ్వమని, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని బతిమాలతాడు. ఆ ఏడాది గడువు అడిగింది పనిచెయ్యడానికి. ఆకాశం వైపు చూస్తూ కూర్చోడానికి కాదు.

ఇక యేసుకు ముందుగా వచ్చి బోధించిన బాప్తిస్మమిచ్చు యోహాను సంగతి. ఆయన మాటలు ఏ కాలంలోనూ మెత్తనివి కావు. తన దగ్గరికి వచ్చిన జనాన్ని సర్పసంతానమా అని పిలిచాడు, గొడ్డలి చెట్ల వేరున ఉందన్నాడు. మన బోధకులు చాలామంది ఇక్కడిదాకా చక్కగా అందుకుంటారు. గొంతు పెంచుతారు, చేతులెత్తమంటారు, కన్నీళ్లు వస్తాయి, కూటం ముగుస్తుంది. యోహాను బోధించిన యోర్దాను నది ఒడ్డున మాత్రం కూటం అక్కడ ముగియలేదు. జనం "మేమేమి చేయవలెను?" అని అడిగారు. లూకా మూడో అధ్యాయంలో ఈ ప్రశ్న మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ యోహాను జవాబు చెప్పాడు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలి, ఆహారం ఉన్నవాడూ అలాగే చెయ్యాలి. పన్నులు వసూలు చేసే సుంకరులు తమకు విధించినదానికన్నా ఎక్కువ వసూలు చెయ్యకూడదు. సైనికులు ఎవరినీ బెదిరించి లాక్కోకూడదు, అబద్ధపు నేరాలు మోపకూడదు, తమ జీతంతో తృప్తిపడాలి.

నాకు ఆశ్చర్యం కలిగించేది ఆయన అడగని విషయాలు. ఉద్యోగం మానెయ్యమని సుంకరికి చెప్పలేదు. అడవికొచ్చి తనలా మిడతలు తినమని ఎవరికీ చెప్పలేదు. ఎవరు ఏ కుర్చీలో కూర్చుని అన్యాయం చేస్తున్నారో, అదే కుర్చీలో కూర్చుని మానెయ్యమన్నాడు. ఉద్యోగం వదిలేసి వెళ్లడం కంటే ఇది కష్టం. పై అధికారికి వాటా పంపని సుంకరిని, లాగిందాంట్లో పాలు తీసుకోని సైనికుణ్ణి తోటివాళ్లు ఎలా చూసి ఉంటారో ఊహించుకోండి.

పాత నిబంధన ఇంకా కచ్చితంగా మాట్లాడుతుంది. పొరుగువాడిని మోసం చేసి, అబద్ధ ప్రమాణం చేసినవాడు అసలు మొత్తానికి అయిదోవంతు కలిపి సొంతదారుడికి ఇచ్చెయ్యాలని లేవీయకాండం ఆరో అధ్యాయం చెబుతుంది. ఎప్పుడో వీలున్నప్పుడు కాదు. అపరాధ పరిహారార్థబలి తెచ్చే రోజే ఇవ్వాలి. సంఖ్యాకాండం అయిదో అధ్యాయం ఇంకో అడుగు ముందుకేసి, తీసుకోవడానికి సొంతదారుడి రక్తసంబంధి కూడా లేకపోతే ఎవరికి చెల్లించాలో కూడా రాసింది. గొర్రెను దొంగిలించి చంపినా, అమ్మేసినా ఒకటికి నాలుగు ఇవ్వాలని నిర్గమకాండం 22లో ఉంది. లూకా సువార్తలో కనిపించే యెరికో సుంకరి జక్కయ్య ఈ లెక్కలు తెలియకుండా మాట్లాడలేదు. అయిదోవంతు కలిపి ఇచ్చి ఊరుకోవచ్చు. ఆ మనిషి నాలుగంతలు ఎంచుకున్నాడు, అంతకు ముందే ఆస్తిలో సగం బీదలకన్నాడు. ఆ మాట విన్నాక జక్కయ్య ఇంట్లోవాళ్లు ఏమన్నారో లూకా రాయలేదు. రాసి ఉంటే మనలాంటి వాళ్లకు చాలా ఉపయోగపడేది.

ఎందుకంటే అసలు కష్టం ఆ ఇంట్లోనే మొదలవుతుంది. నేను పనిచేసిన వార్డుల్లో చావు దగ్గరపడ్డవాళ్లను చూశాను. పాస్టర్ గారిని పిలవండి అనేవాళ్లు చాలామంది. తమ్ముణ్ణి పిలవండి, వాడికి రావాల్సింది నా దగ్గర ఉండిపోయింది అనేవాళ్లు అరుదు. ఒక పెద్దాయన నాచేత ఒక కాగితం రాయించారు. ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో, ఏది ఎగ్గొట్టారో, ఎవరి మీద అబద్ధపు సాక్ష్యం చెప్పారో పేర్లతో సహా. ఊపిరి ఆడనప్పుడు ఆగి, మళ్లీ అందుకుని చెప్పారు. సాయంత్రం కొడుకు వచ్చి ఆ కాగితం చదివి, నాన్నకు మతి సరిగా లేదని డాక్టరుతో వాదించాడు. ఆ కొడుకు చెడ్డవాడేం కాదు, పక్కనే ఉండి సేవ చేశాడు. తండ్రి పాపం తీరాలంటే ఆ డబ్బు తన చేతిలో నుంచి పోతుందని అతనికి అర్థమైంది, అంతే. ఆ కాగితం తర్వాత ఏమైందో నాకు తెలియదు. కూటాల్లో మారుమనస్సు గురించి మాట్లాడేవాళ్లు ఈ కొడుకును కూడా లెక్కలోకి తీసుకుని మాట్లాడాలని కోరుకుంటాను. రాబోయే మార్పు కష్టంగా ఉంటుందని, దాని ఖర్చు ఇంట్లో అందరి మీదా పడుతుందని ముందే చెప్పాలి.

భయంతో వచ్చిన మార్పును కూడా నేను దగ్గరగా చూశాను. గుండెపోటు వచ్చినవాడు ఐసీయూలో సిగరెట్టు మీద ఒట్టు పెట్టుకుంటాడు. డిశ్చార్జి కాగితం చేతికొచ్చాక ఆస్పత్రి గేటు దాటకముందే వెలిగిస్తాడు. యిర్మీయా ప్రవక్త గ్రంథం 34వ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ఆ గేటే కనిపిస్తుంది. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. సిద్కియా రాజు, అధిపతులు, జనం నిబంధన చేసుకుని తమ హెబ్రీ దాసులను, దాసీలను విడిచిపెట్టారు. ఏడో ఏట విడిచిపెట్టాలన్నది ఎప్పటినుంచో ఉన్న ఆజ్ఞే, శత్రువు వాకిట్లోకి వస్తే గానీ గుర్తురాలేదు. ఈలోగా ఐగుప్తు నుంచి ఫరో సైన్యం బయల్దేరిందని విని బబులోనువాళ్లు కొంతకాలం వెనక్కి తగ్గారు. వీళ్లు ఏం చేశారో తెలుసా? విడిచిపెట్టినవాళ్లను మళ్లీ పట్టి తెచ్చి దాసులను చేసుకున్నారు. మొదట చేసింది నా దృష్టికి యుక్తమైనదేనని దేవుడు ఒప్పుకున్నాడు. వెనక్కి తీసుకోవడాన్ని మాత్రం క్షమించలేదు. సైన్యం తిరిగొచ్చింది, పట్టణం కాలిపోయింది.

అందుకే భూకంపాలు చూపించి మారుమనస్సు పొందమనే బోధ అంటే నాకు నమ్మకం లేదు. భూకంపం ఆగుతుంది. ఆ తర్వాత సంగతేమిటి?

ఇదంతా క్రియల వల్ల, అంటే మంచి పనులు చేసి, రక్షణ సంపాదించుకోవచ్చని చెప్పడమే కదా అని మా సంఘంలోనే కొందరు నన్ను అడుగుతారు. సరైన ప్రశ్నే. కృపచేతనే రక్షింపబడ్డామని ఎఫెసీయులకు రాసిన మాట నేనూ నమ్ముతాను. 1517లో జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ తన 95 వాదాల్లో పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని ఎండగట్టాడు. అయితే ఆ 95లో మొట్టమొదటిది ఏమిటో చూడండి. విశ్వాసి జీవితమంతా మారుమనస్సుగానే సాగాలన్నది ప్రభువు ఉద్దేశమని ఉంటుంది అందులో. ఒకరోజు ముందుకెళ్లి చెయ్యెత్తి వచ్చెయ్యడం గురించి కాదు. జక్కయ్య కథలోనూ వరస గమనించండి. అతను ఒక్క కాసు ఇవ్వకముందే ప్రభువు అతను ఎక్కి కూర్చున్న చెట్టు కింద నిలబడి పేరుపెట్టి పిలిచాడు, నేడు నీ ఇంట ఉంటానన్నాడు. డబ్బు ఇచ్చి పిలుపు కొనుక్కోలేదు. ఆ పిలుపు అందిన మనిషికి ఎగ్గొట్టిన డబ్బు ఇంట్లో పెట్టుకోవడం ఇక సాధ్యం కాలేదు. ఈ రెండూ ఒక్క మధ్యాహ్నంలో జరగాలని కూడా లేదు. జాన్ న్యూటన్ అనే ఇంగ్లీషు నావికుడు 1748లో సముద్రంలో తుపాను మధ్య దేవుణ్ణి వేడుకున్నాడు. ఆ తర్వాత కూడా ఆఫ్రికా బానిసలను మోసే ఓడలకు కెప్టెనుగా వెళ్లాడు, 1754లో గానీ సముద్రం మానలేదు. ఆ వ్యాపారంలో తాను చూసింది, చేసింది బయటపెట్టి చిన్న పుస్తకం వేసింది 1788లో, పాస్టరుగా పేరొచ్చి ముసలివాడయ్యాక. ఈ ఒప్పుకోలు చాలా ఆలస్యంగా వస్తోందని తనే రాసుకున్నాడు. దీన్ని ఆలస్యానికి లైసెన్సుగా చదవకండి. తుపానులో కార్చిన కన్నీళ్లు, చేసిన పనిని లోకం ముందు పేరుపెట్టి చెప్పడం, ఈ రెండింటి మధ్య ఆ మనిషికి 40 ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లన్నీ ఓడల్లో గొలుసులతో ఉన్నవాళ్ల మీదుగా గడిచాయి.

సిద్ధపాటు గురించి కూడా ఒక మాట చెప్పి ముగిస్తాను. యిర్మీయా కాలంలోనే హనన్యా అనే ప్రవక్త ఉండేవాడు. రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, దేవాలయపు ఉపకరణాలన్నీ తిరిగొస్తాయని చెప్పాడు, బబులోనుకు లోబడాలని చూపించడానికి యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని అందరి ముందూ విరగ్గొట్టాడు. జనానికి నచ్చే మాట. యిర్మీయా మాత్రం 70 ఏళ్లన్నాడు. బబులోను చెరలో ఉన్నవాళ్లకు ఉత్తరం రాసి, ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకుని వాటి ఫలాలు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చెయ్యండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చెయ్యండి అన్నాడు. 70 ఏళ్లంటే విన్నవాళ్లలో పెద్దవాళ్లెవరూ తిరిగి చూడరని అర్థం. అయినా తోట వెయ్యమన్నాడు. ఈ వారంలోనే నీ కష్టం తీరిపోతుందని టీవీలో చెప్పేవాళ్లూ, ఈ ఏడాదిలోనే లోకం అంతమవుతుందని చెప్పేవాళ్లూ పైకి వేర్వేరుగా కనిపిస్తారు. మధ్యలో ఉండే ఆ పొడుగాటి, కష్టమైన ఏళ్లలో ఎలా బతకాలో ఇద్దరూ చెప్పరు.

తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందని పేతురు మొదటి పత్రికలో ఉంది కాబట్టి సంఘాల నాయకులకు కూడా ఇదే వర్తిస్తుంది. తప్పు చేసి పట్టుబడిన నాయకుడు కొన్నాళ్లకే మళ్లీ స్టేజీ ఎక్కి, దేవుడు నన్ను బాగుచేశాడని సాక్ష్యం చెబుతుంటే చప్పట్లు కొడుతున్నాం. నష్టపోయిన మనిషి ఎక్కడుంది, ఆమెకు ఏం చెల్లించారు, ఆమె ఆ చప్పట్లు వింటోందా అని అడిగేవాళ్లు లేరు.

ఆ ఉత్తరం రాసిన పాఠకుడికి నా మనవి ఇది. మళ్లీ రాసేటప్పుడు భూకంపాల పట్టిక పక్కన పెట్టి, ఆ రోజు సుంకరులకూ సైనికులకూ దొరికిన లాంటి జవాబు ఇవాళ్టి కాంట్రాక్టరుకు, డాక్టరుకు, ఇంటి యజమానికి, పాస్టరుకు ఏమిటో ఒక్కొక్కరికీ విడివిడిగా రాయండి. నర్సుకు కూడా రాయండి, చదువుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నర్సు